ఎర్రనీరు గెడ్డలో దిగకముందే: విశాఖ కొండవాలు నిర్మాణాలపై ఒక సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విశాఖపట్నంలో ఎండాడ వైపు కొండవాలులో 4 ఎకరాల స్థలంలో మీ సంస్థ అపార్ట్‌మెంట్లు కడుతోంది. నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటుతుంది. స్థలం దిగువ హద్దును ఆనుకొని ఒక గెడ్డ (వాగు) ఉంది, అది బీచ్ రోడ్డు కల్వర్టు కిందుగా పోయి సముద్రంలో కలుస్తుంది. ఈ జూలైలో ఒక సాయంత్రం కురిసిన వానకే గెడ్డ ఎర్రగా పారడంతో కింది కాలనీవారూ, ఒడ్డున వలలు వేసుకొనే జాలర్లూ వచ్చి సైటు దగ్గర నిలదీశారు. దసరా లోపల సెల్లార్ తవ్వకం ముగించాలని యాజమాన్యం పట్టుబడుతోంది. దిగువ హద్దు పొడవునా సిల్ట్ ఫెన్స్ (బురదను ఆపే బట్ట కంచె) వేస్తే సరిపోతుందా, సరిపోకపోతే ఇంకేం చేయాలి, ఫ్లాట్లు అప్పగించిన తరువాత ఈ ఏర్పాట్లను ఏం చేయాలి అన్నవి మీరు అడిగిన మూడు విషయాలు.

మొదటి ప్రశ్నకు సమాధానం, సరిపోదు. సిల్ట్ ఫెన్స్ పనికిరానిదని కాదు. మిగిలిన ఏర్పాట్లన్నీ చేశాక తప్పించుకు వచ్చే కొద్దిపాటి బురదను ఆపడానికి అది చివరి అడ్డు మాత్రమే. దాన్నొక్కదాన్నే నమ్ముకున్న సైటు ఏదీ పెద్ద వానకు నిలవడం నేను చూడలేదు. ముప్పై ఏళ్ళ కిందట నేను మొదటిసారి ఒక కొండవాలు లేఅవుట్‌కు సైటు ఇంజనీరుగా ఉన్నప్పుడు చేసిన పనీ అదే. సరుగుడు కర్రలు పాతించి, వాటికి నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టించి, పని అయిపోయిందనుకున్నాను. ఆ వలకున్న రంధ్రాలగుండా సన్నమట్టి ధారాళంగా పోతుందని గాని, ఆకులూ చెత్తా పట్టి రంధ్రాలు పూడుకుపోతే వెనక నీరు నిలిచి ఆ బరువుకు కర్రలతో సహా కూలుతుందని గాని అప్పటికి నాకు తెలియదు. నలభై నిమిషాల వానకు వల పడిపోయింది, కింది వీధిలో ఇళ్ళ సంపులన్నీ బురదతో నిండాయి. ఆ సంపుల పూడిక తీయించిన కూలి, వల మీద పెట్టిన ఖర్చు కంటె ఎక్కువైంది. తప్పు నాదే కనుక ఈ సమాధానంలో కొంత పట్టుదల కనిపిస్తే మన్నించండి.

అసలు చిక్కు మన మట్టి స్వభావంలో ఉంది. విశాఖ చుట్టూ ఉన్న కొండలు ఎక్కువగా ఖోండలైటు రాతివి. ఆ రాయి శిథిలమై ఏర్పడిన ఎర్రమట్టి ఎండకు ఇటుకలా బిగుసుకుంటుంది, పైపొర తీసేశాక నీరు తగిలితే పిండిలా జారుతుంది. గడ్డి కప్పు లేని ఎర్రమట్టిని నీరు ఎలా కోస్తుందో చూడాలంటే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఒక గంట నిలబడితే చాలు. అక్కడ వేల ఏళ్ళలో పడిన లోతైన గండ్లకు చిన్న నమూనాలు మీ సెల్లార్ ర్యాంపు పక్కన రెండు వానలకే పడతాయి. ఇంతకంటె ముఖ్యమైనది రేణువు పరిమాణం. నిలకడగా ఉన్న నీటిలో 0.1 మిల్లీమీటరు ఇసుక రేణువు ఒక మీటరు లోతు దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది. 0.01 మిల్లీమీటరు ఒండ్రు రేణువుకు సుమారు మూడు గంటలు కావాలి. 0.001 మిల్లీమీటరు బంకరేణువుకైతే ఎంత నిశ్చలంగా ఉన్న నీటిలోనైనా పన్నెండు పదమూడు రోజులు పడుతుంది. గెడ్డకు ఆ రంగునిచ్చేది ఈ మూడో రకమే. ఒకసారి నీటిలో కలిసిన బంకమట్టిని సైటులో ఏ అడ్డుతోనూ పూర్తిగా పట్టలేము. కనుక పట్టుకోవడం గురించి ఆలోచించే ముందు కలవనీయకుండా ఉండడం గురించి ఆలోచించాలి. నేను కింద రాసే అన్ని మాటలకూ ఆధారం ఈ ఒక్క లెక్కే.

ఎర్రనీరు సముద్రంలో పడితే కలిగే నష్టం ఏమిటని మీ యాజమాన్యం అడగవచ్చు. చాలామంది గెడ్డ నీరు ఎక్కడో ఒక శుద్ధి కేంద్రానికి వెళుతుందనుకుంటారు. మురుగు పైపులోకి పోయేదాని సంగతి వేరు. వాననీటి కాలువ, గెడ్డ మాత్రం నేరుగా సముద్రానికే పోతాయి, మధ్యలో ఎవరూ దాన్ని శుభ్రం చేయరు. బంకరేణువులు ఉప్పునీటిని తాకగానే ఒకదానికొకటి అంటుకొని ముద్దలై ఒడ్డుకు దగ్గరలోనే కూర్చుంటాయి, కాబట్టి నష్టం లోతు సముద్రంలో కాక తీరం వెంబడి రాళ్ళ మీద జరుగుతుంది. ఆలిచిప్పలూ, నాచూ, పీతలూ, చేపపిల్లలూ ఉండేది అక్కడే. మట్టి రేణువుకు అంటుకొని భాస్వరం, నూనె, లోహాల ఆనవాళ్ళు కూడా వస్తాయి. పైగా రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ) గుర్తింపు వచ్చింది, ఆ గుర్తింపు నిలవాలంటే స్నానపు నీటి నాణ్యత పరీక్షల్లో నెగ్గుతూ ఉండాలి. నిర్మాణ స్థలాల నుంచి కొట్టుకుపోయే మట్టి సాగుభూముల కంటె 10 నుంచి 20 రెట్లు, అడవి నేల కంటె 1,000 నుంచి 2,000 రెట్లు ఎక్కువగా ఉంటుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క. మీ 4 ఎకరాలను ఈ దృష్టితో చూస్తే అది చిన్న స్థలమేమీ కాదు.

ఇక చేయవలసినవాటిలో మొదటిది పరికరం కాదు, పనుల క్రమం. విశాఖకు నైరుతి వానలు జూన్‌లో మొదలైనా, మనల్ని నిజంగా ముంచేవి సెప్టెంబరు, అక్టోబరు వానలూ, ఆపైన బంగాళాఖాతం నుంచి వచ్చే తుపానులూను. హుద్‌హుద్ తీరం దాటింది 2014 అక్టోబరు 12న. అంటే చిత్త, స్వాతి కార్తెల వేళకు నాలుగు ఎకరాలూ ఒకేసారి తెరిచి పెట్టి ఉంచడమంత పొరపాటు మరొకటి లేదు. మీ యాజమాన్యం దసరా గడువు సరిగ్గా ఆ సమయానికే వస్తోంది. గడువు మార్చమని నేను అనడం లేదు, పని విభజన మార్చమంటున్నాను. స్థలాన్ని మూడు భాగాలు చేసి, ఒక బ్లాకు సెల్లార్ తవ్వి, రాఫ్ట్ (పునాది పలక) వేసి, రిటైనింగ్ వాల్ (మట్టిని ఆపే గోడ) నేలమట్టానికి వచ్చాకనే రెండో బ్లాకు పైపొర తీయండి. ఈ సంవత్సరం ముట్టుకోనవసరం లేని భాగంలో తుప్పలనూ, గడ్డినీ అలాగే వదిలేయండి. జేసీబీ అద్దెకు వచ్చింది కదా అని స్థలమంతా ఒక్కరోజులో చదును చేయించే అలవాటు మన బిల్డర్లలో బాగా ఉంది, ఎందుకంటే కొనేవారికి చూపించడానికి చదును నేల బాగుంటుంది. ఆ ముచ్చటకు మీరు చెల్లించే ధర గెడ్డలో కనిపిస్తుంది. గెడ్డ పక్కన ఉన్న చెట్లనూ, మొగలి పొదలనూ మాత్రం ఏ దశలోనూ తాకకండి. వాటికి ముందే రంగు తాడు కట్టించి, పొక్లెయిన్ ఆపరేటరుకు మీరే స్వయంగా చూపించండి. నక్షా మీద గీసిన హద్దు ఆపరేటరుకు కనిపించదు.

రెండోది, కొండ మీది నుంచి వచ్చే మంచి నీటిని మీ స్థలంలోకి రానీయకపోవడం. దీన్ని నేను చూసిన సైట్లలో పదింట ఎనిమిది వదిలేశాయి. మీ స్థలానికి ఎగువన, మీ మీదుగా దిగే కొండభాగం 10 ఎకరాలు ఉందనుకుందాం. గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున వాన పడితే, తుప్పలున్న ఆ వాలు నుంచి సెకనుకు సుమారు 225 లీటర్ల నీరు వస్తుంది. అదే వానకు తవ్వి తొక్కిన మీ 4 ఎకరాల నుంచి వచ్చేది 157 లీటర్లు. అంటే మీరు బురద చేసి ఆపై శుభ్రం చేయడానికి అవస్థపడే నీటిలో సగానికి పైగా అసలు మీది కాదు, శుభ్రంగా వచ్చి మీ మట్టిని తాకి పాడవుతున్నది. ఎగువ హద్దు వెంబడి ఒక పట్టు కాలువ తవ్వి, అడుగున రాతి పేర్పు గాని షాట్‌క్రీట్ (చిమ్మి వేసే కాంక్రీటు) గాని వేసి, ఆ నీటిని స్థలం పక్కగా తిప్పి గెడ్డలోకి దింపండి. దిగే చోట నీటి వేగానికి గెడ్డ ఒడ్డు కోసుకుపోకుండా పెద్ద రాళ్ళు పేర్చాలి. కాలువ వాలు మరీ నిటారుగా ఉంటే మధ్యలో చిన్న రాతి అడ్డుకట్టలు వేసి మెట్లుగా దింపాలి. అడ్డుకట్ట నడుమ భాగం అంచుల కంటె తక్కువ ఎత్తులో ఉండాలి, లేకపోతే నీరు పక్కల నుంచి కోసుకొని పోతుంది. మేస్త్రీలు అందం కోసం దాన్ని సమతలంగా కడతారు, అక్కడ కొంచెం గట్టిగా ఉండండి. నీటిని పక్కవారి స్థలంలోకి మళ్ళించి చేతులు దులుపుకోవడం మాత్రం పరిష్కారం కాదు, అది నేరుగా తగాదాకు దారితీస్తుంది.

మూడోది మట్టిని కప్పి ఉంచడం. వానచినుకు నేలను నేరుగా కొట్టకుండా ఆపగలిగితే సగం పోరు గెలిచినట్టే. ఎకరానికి రెండు టన్నుల చొప్పున వరిగడ్డి పరిస్తే, మోస్తరు వాలులో కొట్టుకుపోయే మట్టి పదోవంతుకో అంతకంటె తక్కువకో పడిపోతుంది. ఏటవాలు కోతల మీద గడ్డి నిలవదు గనుక అక్కడ కొబ్బరిపీచు వలను చీలలతో బిగించాలి. కోనసీమ, ఉద్దానం ఉన్న రాష్ట్రంలో దానికి దూరదేశాల నుంచి ప్లాస్టిక్ తెప్పించుకోనవసరం లేదు. రెండు వారాల పాటు ఏ పనీ జరగదని తెలిసిన ప్రతి గజం నేల మీదా విత్తనం చల్లండి. మన ఎర్రనేలల్లో ఉలవ, జనుము, పిల్లిపెసర నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి, నెలరోజుల్లో నేలను కప్పుతాయి, ఏ ఎరువుల కొట్లో అడిగినా దొరుకుతాయి. పశువులు వచ్చి మేస్తాయని మా పాత సహోద్యోగి ఒకరు అభ్యంతరం చెప్పేవారు. మేసినా వేళ్ళు మిగులుతాయి గదా అని ఆయనకు నేను చెప్పే సమాధానం. శాశ్వతంగా ఉండే వాలుల మీద వట్టివేరు మొక్కలను సమతలరేఖల (ఒకే ఎత్తులో సాగే గీతల) వెంట వరుసలుగా నాటితే ఏడాదికల్లా ఆ వరుసే ఒక గట్టు అవుతుంది. పొడవైన వాలును అలాగే వదలకుండా నడుమ నడుమ బెంచీలు (వెడల్పాటి మెట్లు) కోయండి. వాలు పొడవు రెట్టింపైతే ప్రతి చదరపు మీటరు నుంచి కొట్టుకుపోయే మట్టి కూడా సుమారు 40 శాతం పెరుగుతుంది. మట్టి కుప్పలను గెడ్డ వైపు కాక ఎగువ వైపు పోయించి, సాయంత్రం వేళ టార్పాలిన్ కప్పించండి.

ఇంత చేశాక కూడా కొంత బురదనీరు వస్తుంది. దానికోసం కుంటలు కావాలి. అమెరికాలో నిర్మాణ అనుమతుల కింద ఎకరానికి 3,600 ఘనపుటడుగులు, అంటే సుమారు 102 ఘనపు మీటర్ల సామర్థ్యం ఒక ప్రమాణంగా వాడతారు. అది ఎకరం మీద ఒక అంగుళం నీరు నిలిచినంత. మన వానలకు అది కనిష్ఠం అనుకోండి. మీ స్థలం దిగువ మూలలు రెండింటిలో ఒక్కొక్కటి 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, ఒక మీటరు నీటి లోతు ఉండేలా రెండు కుంటలు తవ్వి, స్థలాన్ని సగం సగంగా వాటికి మళ్ళిస్తే 400 ఘనపు మీటర్లు దొరుకుతాయి. అడుగున బురద కూర్చోడానికి మరో అర మీటరు లోతు అదనంగా తవ్వాలి. ఈ రెండు కుంటల ఉపరితలం 400 చదరపు మీటర్లు. సెకనుకు 157 లీటర్ల నీరు వాటి గుండా పోయే వేళ, లెక్క ప్రకారం 20 మైక్రాన్ల (0.02 మిల్లీమీటరు) కంటె పెద్ద రేణువులు అడుగుకు చేరతాయి, అంతకంటె సన్నవి దాటిపోతాయి. ఎగువ నీటిని మళ్ళించకపోతే ఇదే కుంటలోకి 380 లీటర్లు దూసుకువచ్చి సుమారు 30 మైక్రాన్ల కంటె సన్నవన్నీ దాటిపోతాయి. పట్టు కాలువ కోసం నేను ఎందుకు పట్టుబట్టానో ఇక్కడ తెలుస్తుంది.

కుంటలో నీరు వచ్చే తూమూ, పోయే తూమూ ఎదురెదురు చివరల్లో ఉండాలి, పొడవు వెడల్పుకు కనీసం రెట్టింపు ఉండాలి. నీటిని అడుగు నుంచి కాక పైపొర నుంచి తీసేలా ఏర్పాటు చేయాలి. రంధ్రాలు పెట్టిన నిలువు పైపు చుట్టూ కంకర పోసినా సరే, తేలే పీవీసీ గొట్టం పెట్టినా సరే. పొంగినప్పుడు కట్ట తెగకుండా ఒక పక్క రాళ్ళు పరిచిన వరద మార్గం తప్పనిసరి. మధ్యలో రంగు గీత వేసిన ఒక కర్ర పాతించి, బురద ఆ గీతను తాకగానే పూడిక తీయించండి. నేను పనిచేసిన ఒక సైటులో కుంటలు చక్కగా తవ్వి, రెండు నెలలు పూడిక తీయకుండా వదిలేశారు. మూడో పెద్ద వానకు అడుగున కూర్చున్న బురదంతా రేగి, కుంట లేనప్పటి కంటె చిక్కటి నీరు గెడ్డలోకి పోయింది. తీసిన పూడికను గెడ్డ గట్టు మీదే పోయించకండి. ఇంకొక మాట, కుంట చుట్టూ కంచె వేయించండి. సైటులో కూలీల పిల్లలు తిరుగుతూ ఉంటారు, మీటరున్నర లోతు బురదగుంట వారికి ప్రాణాంతకం.

కుంటలోనూ దిగని ఎర్రరంగు సంగతి మీరు తప్పక అడుగుతారు. మన పెద్దలు బావినీళ్ళు తేరడానికి బిందె లోపల చిల్లగింజ అరగదీసేవారు, పటిక తిప్పేవారు. అదే సూత్రం ఇక్కడా పనిచేస్తుంది గాని బిందెకూ కుంటకూ తేడా ఉంది. పటిక ఎక్కువైతే నీటి ఆమ్లత పెరిగి, కరిగిన అల్యూమినియం చేపలకు హాని చేస్తుంది. కనుక నిలిచిన కుంటనీటిని నాలుగైదు బకెట్లలోకి తీసి, వేర్వేరు మోతాదులు కలిపి, ఏ కనిష్ఠ మోతాదుకు నీరు తేరుతోందో చూసి, పీహెచ్ (ఆమ్లత కొలత, ఆమ్లత పెరిగితే ఇది తగ్గుతుంది) 6.5కు తగ్గలేదని నిర్ధారించుకొని, అప్పుడు మాత్రమే కుంటలో వాడండి. వేరుశనగ రైతులు వాడే జిప్సమ్ పొడి కొంత నెమ్మదిగా పనిచేసినా పీహెచ్‌ను పెద్దగా మార్చదు గనుక నేను దానికే మొగ్గు చూపుతాను. పారే గెడ్డలో పటిక బస్తాలు కట్టి వేలాడదీయడం ఒకచోట చూశాను, అటువంటి పని ఎప్పుడూ చేయకండి.

ఇవన్నీ చేశాక సిల్ట్ ఫెన్స్ వేయండి. అసలైన నేసిన జియోటెక్స్‌టైల్ (నీటిని పోనిచ్చి మట్టిని ఆపే) బట్ట కొని, కింది అంచును 15 సెంటీమీటర్ల గాడిలో పూడ్చి, సమతలరేఖ వెంట వేయించండి. నీరు ధారగా పారే చోట, గెడ్డకు అడ్డంగా వేయకూడదు.

కాంక్రీటు కడిగిన నీరు ఎర్రగా ఉండదు గనుక ఎవరూ పట్టించుకోరు, కాని చేపల విషయంలో బురద కంటె అదే తీక్షణమైన విషం. దాని పీహెచ్ 12 దాటుతుంది. జలచరాలకు 9 దాటితేనే ఇబ్బంది. రెడీమిక్స్ బండి వచ్చిన ప్రతిసారీ డ్రైవరు గెడ్డ పక్కన నిలిపి డ్రమ్మూ, చ్యూటూ (కాంక్రీటు జారే దోనె) కడగడం మీరు చూసే ఉంటారు. గెడ్డకు కనీసం 15 మీటర్ల దూరంలో, మందపాటి టార్పాలిన్ పరిచిన ఒక గుంట తవ్వించి, బోర్డు పెట్టి, అక్కడ తప్ప మరెక్కడా కడగకూడదని రెడీమిక్స్ సంస్థ ఆర్డరు కాగితంలోనే రాయించండి. తేరిన నీటిని మళ్ళీ కడగడానికే వాడుకోవచ్చు, గట్టిపడిన ముద్దను శిథిలాలతో పంపవచ్చు. టైల్స్ కోత నీరు, పుట్టీ, పెయింటు బ్రష్‌లు కడిగిన నీరు కూడా అక్కడికే. జనరేటరుకు పోసే డీజిలు పీపాలను గట్టు కట్టిన సిమెంటు గచ్చు మీద, పైకప్పు కింద ఉంచండి. ఆ గట్టు లోపల పట్టే పరిమాణం అతి పెద్ద పీపా కంటె పదోవంతు ఎక్కువ ఉండాలి. సెల్లార్‌లో ఊరిన నీటిని పంపు పెట్టి నేరుగా గెడ్డలోకి తోడడం అందరూ చేసే పని. పంపు సక్షన్‌ను అడుగున కాక తేలే డబ్బాకు కట్టి, తోడిన నీటిని మీ కుంటలోకి మళ్ళించండి.

కూలీల గుడిసెల ప్రస్తావన లేకుండా ఈ విషయం పూర్తికాదు. శ్రీకాకుళం నుంచీ ఒడిశా నుంచీ వచ్చి నెలల తరబడి ఉండే నూరుమందికి రెండు మరుగుదొడ్లు పెట్టి, వాటి గొట్టాన్ని గెడ్డ వైపు తిప్పితే, మీరు ఎంత మట్టిని ఆపినా స్నానాల బీచ్ దగ్గర పరీక్షలో బయటపడేది మల బ్యాక్టీరియానే. సరిపడా దొడ్లు, సీలు చేసిన సెప్టిక్ ట్యాంకు, దాన్ని క్రమంగా తోడించే ఏర్పాటు పెట్టండి.

టిప్పర్ల సంగతి. ఒక ఎకరం మేర మూడున్నర మీటర్ల లోతు సెల్లార్ తవ్వితే 14,000 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది, తవ్వాక అది పావువంతు పొంగుతుంది, 10 ఘనపు మీటర్ల టిప్పర్లకు 1,700 పైచిలుకు ట్రిప్పులు అవుతాయి. ప్రతి ట్రిప్పూ చక్రాలకు అంటిన మట్టిని బీటీ రోడ్డు మీద పూసి పోతుంది, మొదటి వానకు అదంతా వీధి కాలువలోకి దిగుతుంది. గేటు దగ్గర 15 మీటర్ల పొడవున, ఒక అడుగు లోతు తీసి, జియోటెక్స్‌టైల్ మీద 63 ఎం.ఎం. మెటల్ (కంకర) పరచండి, అది బురదతో నిండినప్పుడల్లా పైపొర మార్చండి. రోడ్డును రోజూ సాయంత్రం ఊడ్పించాలి. నీళ్ళతో కడిగించడం వల్ల ఆగవలసిన మట్టి ఇంకాస్త ముందే కాలువ చేరుతుంది. ఆ 1,700 ట్రిప్పుల మట్టి ఎక్కడికి పోతోందో కూడా మీరు తెలుసుకొని తీరాలి. మట్టి కాంట్రాక్టరు రాత్రివేళ మరో గెడ్డ అంచున పోసి వస్తే, మీ సైటు శుభ్రంగా ఉన్నందువల్ల సముద్రానికి ఒరిగేది లేదు. పోసే స్థలం యజమాని సంతకంతో ట్రిప్పు చీటీలు ఉంటేనే బిల్లు చెల్లించండి.

చట్టం గురించి క్లుప్తంగా. 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం, మీకు అది ఉండే ఉంటుంది. ఆ అనుమతి పత్రాన్నీ, దరఖాస్తుతో పాటు మీ సలహాదారు సమర్పించిన నిర్వహణ ప్రణాళికనూ ఒకసారి తెరిచి చదవండి. మట్టి కోత నివారణ గురించి మీ సంస్థ ఏమేమి ఒప్పుకుందో అందులో ఉంటుంది, సైటులో ఉన్నవారిలో దాన్ని చదివినవారు సాధారణంగా ఒక్కరూ ఉండరు. కాలుష్య పదార్థాన్ని తెలిసి ప్రవాహంలోకి వదలడాన్ని 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ నిషేధిస్తుంది. వాగులు, కాలువల హద్దు నుంచి వదలవలసిన దూరాన్ని 2012 నాటి భవన నియమాలు 10 మీటర్ల కంటె వెడల్పైనవాటికి 9 మీటర్లుగా, అంతకు తక్కువవాటికి 2 మీటర్లుగా పెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో వాటి స్థానంలో 2017లో కొత్త నియమాలు వచ్చాయి గనుక ఇప్పుడు వర్తించే దూరాన్ని సరిచూసుకోండి. మీ గెడ్డ వెడల్పు 10 మీటర్లకు కాస్త తక్కువని చూపించి 2 మీటర్లతో సరిపెట్టుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కొండవాలులో 2 మీటర్ల పట్టీ మట్టిని ఏమాత్రం ఆపలేదు. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ తీరప్రాంత క్రమబద్ధీకరణ నోటిఫికేషన్ కూడా వర్తిస్తుంది. పోటునీరు గెడ్డలోకి ఎక్కడి దాకా ఎక్కుతుందో ఆమోదించిన పటంలో చూసుకోవాలి.

ఇప్పుడు జూలై చివరలో ఉన్నారు గనుక నా సలహా ఇది. ఈ వారమే ఎగువ పట్టు కాలువ, ఆగస్టు రెండో వారానికి రెండు కుంటలు, తరువాతే తవ్వకం కొనసాగింపు. పని చేయని భాగాల్లో విత్తనం వెంటనే చల్లించండి, ఆగస్టు తడిలో మొలిస్తే అక్టోబరుకు అక్కరకొస్తుంది. విశాఖలోని తుపాను హెచ్చరిక కేంద్రం నుంచి అల్పపీడనం కబురు వచ్చిన రోజున తవ్వకం ఆపి, కుప్పలు కప్పి, కుంటలు తోడి ఖాళీగా ఉంచే బాధ్యతను పేరు పెట్టి ఒక మనిషికి అప్పగించండి. వాన పడుతున్నప్పుడే గొడుగు పట్టుకొని సైటంతా ఒకసారి తిరగండి, ఎండరోజున తనిఖీ చేస్తే నీరు ఎటు పోతోందో కనబడదు. గెడ్డలో మీ స్థలానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి గాజుసీసాల్లో నీరు పట్టి, తేదీ వేసి, పక్కపక్కన ఫొటో తీసి పెట్టుకోండి. ఎగువ సీసా కూడా ఎర్రగా ఉంటే తప్పు మీ ఒక్కరిది కాదని తెలుస్తుంది, దిగువది మాత్రమే ఎర్రగా ఉంటే వాదన అనవసరం. ఆ ఫొటోలతోనే జాలరిపేట పెద్దలనూ, కాలనీ సంఘం వారినీ కలవండి. గెడ్డ రంగు మారిన మొదటి గంటలో ఫోన్ చేయడానికి వారికి ఒక నంబరు ఇస్తే, మీకు జీతం లేని కాపలాదారులు దొరికినట్టే.

మూడో ప్రశ్న, అప్పగించిన తరువాతి సంగతి. నిర్మాణం పూర్తయ్యాక మట్టి తగ్గుతుంది, నీరు పెరుగుతుంది. ఒకప్పుడు వానలో కొంత ఇంకించుకున్న నేల ఇప్పుడు కప్పులూ, సిమెంటు రోడ్లూ, పార్కింగ్ గచ్చులూ అవుతుంది. పార్కింగ్ మీది నూనె, టైర్ల పొడి, తోటకు వేసిన ఎరువు మొదటి జల్లుకే కదిలి గెడ్డకు చేరతాయి. అందుచేత కుంటలు రెండింటినీ పూడ్చి అక్కడ రెండు క్రికెట్ పిచ్‌లు వేయాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఒకదాన్ని పూడిక తీసి, వాలు తగ్గించి, గట్ల మీద వట్టివేరు పెంచి వాననీటి కుంటగా ఉంచండి. రెండోదాన్ని అడుగున ఇసుక, కంకర పొరలు పరిచి, పార్కింగ్ నీరు దాని గుండా వడగట్టుకొని పోయేలా మార్చండి. కప్పుల నీటిని ఇంకుడు గుంతలకు పంపవచ్చు, కాని కొండవాలు అంచున, రిటైనింగ్ వాల్ వెనక మాత్రం ఇంకుడు గుంత తవ్వకూడదు, తడిసిన ఖోండలైటు మట్టి బరువుకు గోడ ముందుకు ఒరుగుతుంది. పార్కింగ్ మీద రంధ్రాల పేవర్లు వేస్తే వాటి సందులను ఏడాదికొకసారైనా శుభ్రం చేయాలి. కుంట పూడిక మే నెలలో తీయించాలని, దానికి నిర్వహణ నిధిలో ఎంత కేటాయించాలో, తూము తాళం ఎవరి దగ్గర ఉండాలో సంఘానికి అప్పగించే పత్రంలోనే రాసి, నక్షాలో ఆ రెండు కుంటలనూ పేరు పెట్టి గుర్తించండి. అలా గుర్తించకపోతే, పదేళ్ళ తరువాత కొత్తగా వచ్చిన కార్యవర్గానికి అవి ఖాళీ స్థలాలుగానే కనిపిస్తాయి.